మెట్లగోడ టైల్స్

ఆ హోటల్‌కి పెట్టిన పేరు 'వజీయు'. పోర్చుగీసులో ఖాళీ అని అర్థం. గుమ్మం మీద ఆ పేరైనా రాయలేదు. రాస్తే ఖాళీ నిండిపోతుందని భయం కాబోలు. లాపా పేటలో ఆ తెల్లగోడ ముందు ఎర్మెలిందా రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. తలుపెక్కడుందో తెలియక చివరికి గోడనే తట్టింది. గోడలో ఒక ముక్క పక్కకి జరిగింది. లోపల నల్లబట్టల్లో, చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె మేనకోడలు ఫిలిపా నిలబడి ఉంది.

హోటల్ తెరవడానికి ఇంకా పది రోజులుంది. ఈలోగా పనివాళ్ళ బంధువులకి మూడేసి రాత్రులు గదులు ఊరికే ఇస్తున్నారు. పడుకోవాలి, స్నానం చేయాలి, పెట్టింది తినాలి, ఎక్కడ ఏ లోపం కనిపించినా కాగితం మీద రాసివ్వాలి. రేపు డబ్బు పోసి వచ్చేవాళ్ళకి తగలబోయే దెబ్బలు ముందు వీళ్ళు తిని చూపించాలన్నమాట. ఫిలిపాకి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, నెలాఖరుకి తేలుతుంది. అందుకని ఫోన్లో మూడుసార్లు చెప్పింది, గదికి తీసుకెళ్తూ నాలుగోసారి చెప్పింది.

"అత్తా, ఉన్న లోపం రాయి, చాలు. ఎవరితోనూ పోట్లాట పెట్టుకోకు. నీ నోరు సంగతి నాకు తెలుసు."

"నా నోటికేమైందే? మా గ్రాసా పేటలో చేపలమ్మే మనిషి తూకం సరిగ్గా వేసేది నా నోటికి భయపడే," అంది ఎర్మెలిందా.

గదిలో మంచం నేలకి జానెడెత్తున ఉంది. అరవై ఆరేళ్ళ మోకాళ్ళతో దాని మీద కూర్చోవడం సులువే, లేవడమే గండం. బీరువా లేదు. కోటు తగిలించడానికి గోడకి ఒక మేకైనా లేదు. ఉన్న ఒక్క కుర్చీ మీద కోటు వేయబోతే తువ్వాళ్ళు తెచ్చిన పిల్ల కంగారుగా అడ్డమొచ్చి, అది కూర్చునే కుర్చీ కాదమ్మా, చూసే కుర్చీ అని చెప్పింది. దీపానికి స్విచ్చి లేదు. గోడని ఫలానా చోట నిమిరితే వెలుగుతుందట. ఎర్మెలిందా గోడంతా నిమిరింది. దీపం వెలగలేదు గానీ కిటికీ తెర దిగింది.

ఆమెకి హుషారొచ్చింది. టైల్స్ కార్ఖానాలో ముప్ఫై నాలుగేళ్ళు కుంచె పట్టిన చేయి అది, అక్షరం ముత్యంలా ఉంటుంది. మంచం మీద బోర్లా పడుకుని కాగితం నింపడం మొదలుపెట్టింది. కోటుకి మేకు లేదు. కుర్చీ ఉంది, కూర్చోనివ్వరు. స్నానాలగదికి గాజుగోడ పెట్టారు, మంచం మీదున్నవాళ్ళకి లోపలున్నవాళ్ళు కనిపిస్తారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మా ఆయన కూడా నన్నలా చూడలేదు. ఈ ఆఖరి ముక్క కొట్టేద్దామా అనుకుని, ఉండనీ అని ఉంచేసింది.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే స్నానానికి వెళ్ళింది. నీళ్ళు ఎక్కడ తిప్పాలో వెతుకుతూ లోపలి గోడ వైపు తిరిగి, అలాగే నిలబడిపోయింది.

గోడంతా బూడిదరంగు సిమెంటు. మధ్యలో మాత్రం నీలం బొమ్మల పాత టైల్స్. వాటిని కావాలనే కలగాపులగంగా అతికించారు. ఒక ఆడమనిషి తల కింద గాడిద కాళ్ళు. ద్రాక్షగుత్తి పక్కన ఎవరిదో మోచేయి. ఆకాశం ముక్క అడుగున, నేల ముక్క పైన. ఎర్మెలిందా కళ్ళజోడు గదిలో వదిలి వచ్చింది, కానీ దాని అవసరం రాలేదు. మోచేతి ఎత్తులో, అంచున, బుట్ట మోసే పిల్లాడున్నాడు. బుట్ట ఎడమ భుజం మీద ఉంది. ఉండాల్సింది కుడి భుజం మీద. ఆ తప్పు చేసింది ఆమే.

గ్రాసాలో ఆమె ఉండే పద్నాలుగో నంబరు ఇంట్లో, మెట్లగోడ మీద ద్రాక్షకోత బొమ్మ ఉండేది. వరసకి ఏడు చొప్పున ఆరు వరసలు, నలభై రెండు టైల్స్. అందులో ఒకటి పగిలితే, ఇంటి ఓనరు కింతేలా కొత్తది వేసే పని ఆమెకి అప్పగించాడు. బొమ్మని పల్చటి కాగితం మీద గీసి, గీత వెంట సూదితో పొడిచి, టైలు మీద పరిచి బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కలు దిగుతాయి. ఆ చుక్కల వెంట కుంచె నడవాలి. ఆ రోజు ఆమె కాగితాన్ని తిరగేసి పరిచింది. బట్టీలో కాలి బయటికొచ్చాక గానీ చూసుకోలేదు. బట్టీలో కాలినదాన్ని చెరిపేందుకు లేదు. బుట్ట తాడు పక్క టైల్లోని తాడుతో కలవలేదు. ఎవరు చూస్తార్లే అని మేస్త్రీ అతికించేశాడు. నిజమే, ఎవరూ చూడలేదు. ఆమె ఒక్కతే మెట్లెక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ, ఇరవై ఏళ్ళపాటు చూసింది.

ఆరేళ్ళ కింద, ఆగస్టులో, ఇంట్లో చాలామంది సెలవులకి సొంతూళ్ళు పోయిన వారంలో ఆ నలభై రెండూ మాయమయ్యాయి. తీసినవాడు కింది వాటాలో ఉండే తాపీమేస్త్రీ అదెరీతు, కాబో వెర్ద్ దీవులనించి వలస వచ్చినవాడు. తెల్లవారుజామున బస్తా భుజాన వేసుకుని దిగుతుంటే ఎర్మెలిందా తన కళ్ళతో చూసింది. అందరూ నిలదీస్తే, ఓనరే తీయమన్నాడని మొహం మీద అబద్ధమాడాడు. కింతేలాని పిలిపించి అడిగితే, నాకేం తెలుసు అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. చూసింది చూసినట్టు ఎర్మెలిందా సంతకం పెట్టి కింతేలాకి రాసిచ్చింది. నెల తిరక్కుండా అదెరీతు పెళ్ళాంబిడ్డలతో వాటా ఖాళీ చేసి పోయాడు. పీడ విరగడైందనుకున్నారు.

ఆ దొంగసొత్తు ఇదిగో, ఇక్కడ తేలింది. ఎర్మెలిందాకి ఒళ్ళు మండిపోయింది. గోరుతో పిల్లాడి టైలు అంచు తడిమింది. కింది మూలలో గాజుపూత బొట్టు కారి గట్టిపడి ఉండాలి. ఉంది. ఒక ఇంటి గోడని ఒలుచుకొచ్చి, తలలూ కాళ్ళూ వేరుచేసి, డబ్బున్నవాళ్ళు సబ్బు రుద్దుకునే చోట అతికించారు. పైగా దీనికి కళ అని పేరు. ఆమె ఫోన్ చేసి ఫిలిపాని పైకి రమ్మంది.

ఫిలిపా చిన్నప్పుడు ఆ మెట్ల మీదే ఆడుకున్న పిల్ల. ఈ కలగాపులగంలో ఇన్నాళ్ళూ పోల్చుకోలేకపోయింది గానీ, చూపించాక పోల్చుకుంది. గబగబా వెళ్ళి గది తలుపు మూసొచ్చింది.

"అత్తా, నెలాఖరు దాకా ఊరుకో. ఆ తర్వాత నీ ఇష్టం. కేసు పెట్టు, పేపర్లో వేయించు."

"అందాకా? దొంగసొత్తు మధ్య నిలబడి వీపు రుద్దుకోమంటావా?"

"రుద్దుకోకు. స్నానం మానెయ్," అంది ఫిలిపా, ఏడుపు గొంతుతో.

మర్నాడు పొద్దున ఫలహారానికి నల్లరాతి మీద ఒక చేపముక్క, దాని మీద ఒక ఆకు పెట్టి తెచ్చారు. ఎర్మెలిందా అది తినేసి మిగతాది ఎప్పుడొస్తుందని అడిగింది. రాదని తెలిశాక ఆమెకి ఊరుకునే కారణం ఒక్కటీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే మేనేజరు వాస్కు, అరికాళ్ళకి దూది కట్టుకున్నట్టు నడుస్తూ, ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగి రాత్రి నిద్ర ఎలా పట్టిందని అడుగుతూ వచ్చాడు.

పట్టలేదని చెప్పింది ఎర్మెలిందా. మీ స్నానాలగదిలో మా ఇంటి గోడ ఉంది, అది దొంగసొత్తు, మీరు దొంగసొత్తు కొన్నారు అని చెప్పింది. గొంతు తగ్గించలేదు. వంటవాడి తల్లీ, సామాన్లు మోసేవాడి బాబాయీ తినడం ఆపి ఇటే చూశారు. ఫిలిపా కౌంటర్ వెనక నిలబడి నేలకేసి చూస్తోంది. వాస్కు మాత్రం చలించలేదు. మర్యాదగా చేయి చాచి, ఆమెని తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

"దోనా ఎర్మెలిందా, కాగితం లేకుండా మేం ఒక మేకు కూడా కొనం," అన్నాడు అలమార తెరుస్తూ.

"అందుకే కాబోలు, నా గదిలో ఒక్క మేకూ లేదు."

అతను నవ్వి, ఒక దస్త్రం ఆమె ముందు పెట్టాడు. మొదటిది అమ్మకం కాగితం. నలభై రెండు టైల్స్, గ్రాసా, పద్నాలుగో నంబరు. అమ్మినవాడు కింతేలా. తేదీ ఆ ఏడాది జూలై మూడు. టైల్స్ మాయమవడానికి నెల ముందే. రెండోది రసీదు. పగలకుండా టైల్స్ ఊడదీసిన పనికి, గుండ్రటి పెద్ద అక్షరాల్లో అదెరీతు సంతకం. మూడోది ఫొటో.

ఫొటోలో అదెరీతు మెట్ల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చెవి మీద పెన్సిలు. ఊడదీసిన టైల్స్ దుప్పటి మీద వరసగా బోర్లించి ఉన్నాయి, ఒక్కోదాని వెనక ఒక నంబరు. మనిషి ఎక్కడా దాక్కోవడం లేదు. ఫొటో తీస్తున్నవాడికేసి, త్వరగా కానివ్వు పనుంది అన్నట్టు చూస్తున్నాడు. పైకప్పు అద్దంలోంచి ఎండ నిట్టనిలువుగా అతని వీపు మీద పడుతోంది. ఆ మెట్ల మీద ఎండ అలా పడే వేళ రోజు మొత్తంలో ఒక్కటే.

ఎర్మెలిందా ఫొటోని కిందపెట్టి, మళ్ళీ తీసింది.

మధ్యాహ్నం. ఆరేళ్ళ కిందటి ఆ రోజు ఆమె బజారునించి సంచీలో చేపలు తెస్తోంది. గ్రాసా చర్చిలో పన్నెండు కొడుతోంది. బస్తా భుజాన ఉన్న అదెరీతు గోడకి ఒత్తుకుని దారి ఇచ్చి, నమస్కారం దోనా అన్నాడు. ఆమె కూడా నమస్కారం అంది. అంతే జరిగింది. గోడ బోసిగా కనిపిస్తే ఏదో మరమ్మతు కాబోలనుకుంది. వారం తర్వాత ఊళ్ళనించి తిరిగొచ్చి గోడ చూసి అందరూ గగ్గోలు పెడుతుంటే, కింతేలా ఆమెని పక్కకి పిలిచి మెత్తగా అడిగాడు: "మిట్టమధ్యాహ్నం ఎవరైనా దొంగతనం చేస్తారా, దోనా? బాగా గుర్తు తెచ్చుకోండి." ఆమె గుర్తు తెచ్చుకుంది. ఎలాగూ దొంగే కదా, ఒక్క మాట మారిస్తే ఏం పోయిందనుకుంది. తెల్లవారుజామున అని రాసిచ్చింది. ఆ తర్వాత ఆ మాట ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పిందంటే, చివరికి ఆమె కళ్ళకే ఆ చీకటి కనిపించడం మొదలైంది.

వాస్కు ఏదో చెబుతున్నాడు. ఇక్కడ ఈ టైల్స్ అతికించింది కూడా ఆ మేస్త్రీయేనట. ఇంకొకరి చేయి పడితే ఒప్పుకోనన్నాడట ఇంజనీరు. ఇక సందేహం తీరింది కదా అని అడిగాడు.

"తీరింది," అంది ఎర్మెలిందా. ఫొటోని దస్త్రంలో పెట్టి లేచింది.

బయటికొచ్చాక వచ్చింది కోపం. కింతేలా తన టైల్స్ తనే అమ్ముకున్నాడు. దాంతోపాటు, పైసా పరిహారం ఇవ్వకుండా ఒక కుటుంబాన్ని వాటాలోంచి లేపేశాడు. ఇప్పుడా వాటాలో వారానికో టూరిస్టు దిగుతున్నాడు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. ఆ దెబ్బకి వాడిన రాయి తను. ఆరేళ్ళు వాడికి ఎదురుపడ్డ ప్రతిసారీ దండం పెట్టింది, ఆ ఏడాది అద్దె పెంచలేదని మెచ్చుకుంది కూడా. తనకి సిగ్గులేదా? ఆ నలభై రెండు టైల్స్‌లో దొంగసొత్తు ఒక్కటీ లేదు. ఆ ఇంట్లో పోయిందల్లా ఒక మనిషి మాట. దాన్ని తీసినవాళ్ళు ఇద్దరు, వాళ్ళలో ఒకరు తను.

ఫిలిపా మెట్ల దగ్గర ఎదురొచ్చింది. ఎర్మెలిందా ఆమె బుగ్గ తట్టి, నీ ఉద్యోగానికేం కాదులే, తప్పు హోటల్‌ది కాదు అని చెప్పింది. ఆ మేస్త్రీ ఎక్కడుంటాడో కనుక్కోమంది. ఫిలిపా ఎందుకని అడగలేదు; పనివాళ్ళ జాబితా చూసి చీటీ మీద రాసిచ్చింది. ఇంకా రెండు రాత్రులుండగానే ఎర్మెలిందా సంచీ సర్దుకుని, తలుపెక్కడో ఈసారి వెతుక్కోకుండా, బయటపడింది.

పడవలో నది దాటి, కాసిలైష్ రేవులో బస్సెక్కి, అల్మదా గుట్ట మీద ఆ ఇల్లు పట్టుకునేసరికి సాయంత్రం అయింది. తలుపు తీసింది అదెరీతు భార్య జుల్మీరా. చేతిలో గరిటె ఉంది, లోపల మొక్కజొన్న, చిక్కుళ్ళ కచూపా ఉడుకుతున్న వాసన వస్తోంది. పోల్చుకోవడానికి ఆమెకి క్షణం పట్టలేదు.

"ఇక్కడ టైల్స్ లేవు. వెతుక్కుంటారంటే వెతుక్కోండి," అంది.

"వెతకడానికి రాలేదమ్మా. చెప్పడానికొచ్చాను."

గుమ్మంలోనే చెప్పింది ఎర్మెలిందా. హోటల్లో చూసిన కాగితాలు, ఫొటో, కింతేలా మెత్తగా అడిగిన మాట. ఊళ్ళో ఎవరికీ జంకని నోరు అక్కడ తడబడింది. జుల్మీరా గరిటె దించకుండా అంతా వింది.

"ఇందులో మాకు కొత్తేముంది? ఆ రోజే మీ మొహం మీద చెప్పాడాయన, ఓనరు తీయమన్నాడని. పోర్చుగీసులోనే చెప్పాడు. మీరంతా నవ్వారు. రసీదు మీద సంతకం పెట్టించుకుని, నీ కాపీ రేపిస్తానన్నాడు ఆ కింతేలా పెద్దమనిషి. ఆ రేపు ఇంకా రాలేదు."

పెరట్లో అదెరీతు పనినించి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. గోళ్ళ సందుల్లో సున్నం పోయేలా బ్రష్షుతో ఒక్కొక్క వేలే రుద్దుతున్నాడు. తల ఎత్తలేదు.

"మీరు నన్ను చూసింది ఎన్నింటికి?" అని అడిగాడు.

"పన్నెండింటికి. గంట కొడుతుంటే."

అతను కుళాయి కట్టేశాడు. "ఆరేళ్ళుగా ఆ మాట అంటున్నది నేనొక్కణ్ణే. ఒకరోజు నా కూతురు కూడా అడిగింది. నాన్నా, నిజంగా తెల్లవారుజామున కాదు కదా, అని. పన్నెండేళ్ళ పిల్ల. దానికేం చెప్పమంటారు?"

 క్షమించమని అడగాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. ఇప్పుడా మాట అంటే, తన బరువు ఆయన నెత్తిన పెట్టినట్టే ఉంటుందనిపించింది. చేతి సంచీ ఇటు నుంచి అటు మార్చుకుంది.

"రాసిస్తాను. అప్పుడు రాసిచ్చినట్టే," అంది.

జుల్మీరా లోపలికెళ్ళి, పిల్ల నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్నుతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది. కూర్చోమని అనలేదు. ఎర్మెలిందా వంగి నిలబడి రాసింది. తేదీ, ఇంటి నంబరు, తన పూర్తి పేరు. వేళ దగ్గరకొచ్చేసరికి ఒకటీ రెండూ పక్కపక్కన వేయబోతే జుల్మీరా బల్ల మీద వేలితో కొట్టింది.

"అంకెల్లో వద్దు. అక్షరాల్లో రాయండి. అంకెలైతే దిద్దొచ్చు."

ఎర్మెలిందా అక్షరాల్లో రాసింది. కింద, ఎవరూ అడక్కుండానే ఇంకొక్క వాక్యం చేర్చింది: ముందు రాసిచ్చింది అబద్ధమని నాకు తెలిసే రాశాను. సంతకం పెట్టింది.

అదెరీతు చేతులు తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. రెండుసార్లు చదివాడు. మడిచి, తిరిగి ఆమెకే ఇచ్చాడు.

"ఇది నా దగ్గరెందుకు? నాకు తెలియంది ఇందులో ఏముంది? తెలియనివాళ్ళకి చదవండి."

"మీరూ రండి. మీ ఎదురుగా చదువుతాను."

"నేను రాను. ఆ మెట్ల మీద నిలబడి నా మాట నేను ఒకసారి చెప్పాను. ఇప్పుడు మీరు చెప్పండి."

కాఫీ తాగుతారా అని వాళ్ళు అడగలేదు. అడిగి ఉంటే ఆమెకి మింగుడు పడేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం, పద్నాలుగో నంబరులో అన్ని పొయ్యిల మీదా ఏదో ఒకటి ఉడుకుతున్న వేళ, ఎర్మెలిందా ఒక్కొక్క తలుపే తట్టింది. ఎదురు వాటా ఒదేత్, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పై వాటా ముసలి దర్జీ బెల్మీరు, మెడలో తువ్వాలుతోనే దిగాడు. మూడో అంతస్తు మొగుడూపెళ్ళాం రెయిలింగు మీదనించి తొంగిచూశారు. కింది వాటాలోంచి ఇద్దరు టూరిస్టులు చక్రాల పెట్టెలు లాక్కుంటూ వచ్చి, ఏదో ప్రార్థన కాబోలనుకుని పక్కకి తప్పుకుని వెళ్ళిపోయారు.

ఆమె కాగితం విప్పి మొదటి నాలుగు ముక్కలు చదివిందో లేదో, బెల్మీరు చేయెత్తాడు. ఆరేళ్ళనాటి సంగతి, వాళ్ళూ పోయారు, మనమూ మర్చిపోయాం, ఇప్పుడు తవ్వి తలకెత్తుకోవడమెందుకన్నాడు. ఒదేత్ దగ్గరికొచ్చి చెవిలో, డిసెంబరులో నీ వాటా అద్దె కాగితం మీద మళ్ళీ సంతకం పెట్టాల్సింది కింతేలాయే, మర్చిపోయావా అని హెచ్చరించింది. మర్చిపోలేదంది ఎర్మెలిందా. ఆ వాటాలోకే ఆమె కాపురానికొచ్చింది, అక్కణ్ణించే మొగుణ్ణి సాగనంపింది. ఈ వయసులో బయటికి పొమ్మంటే ఎక్కడికి పోవాలో ఆమెకి తెలియదు. పడవ దిగినప్పటినించీ అదే ఆలోచిస్తోంది.

"అయినా రుజువేదమ్మా? ఆ హోటల్ కాగితాలు తెచ్చావా?" అన్నాడు బెల్మీరు. "ఉత్త నోటిమాట మీద ఒక పెద్దమనిషిని అంతమాట అంటే ఎలా?"

"ఆ రోజు నన్ను రుజువు అడిగావా, బెల్మీరు?" అంది ఎర్మెలిందా. గొంతు పెంచలేదు. "చూశానన్నాను, అంతే. పెళ్ళాంబిడ్డలతో సహా ఒక మనిషిని వీధిలోకి నెట్టడానికి నా నోటిమాట చాలింది మీ అందరికీ. నాకూ చాలింది. ఇవాళ ఎందుకు చాలదు?"

 పైన ఎవరింట్లోనో కూర మాడుతున్న వాసన వచ్చింది, అయినా ఎవరూ కదల్లేదు. బెల్మీరు మాత్రం వెనక్కి తిరిగి మెట్లెక్కబోయాడు. ఎర్మెలిందా అతని ముందుకెళ్ళి, మెట్టుకి అడ్డంగా నిలబడి, కాగితాన్ని మొదటినించీ మళ్ళీ చదివింది. మధ్యాహ్నం పన్నెండు గంటలకి అన్నచోట తలెత్తి ఆగింది. వాళ్ళు తలలు దించుకునే ఉన్నారు. ఆ వాక్యాన్ని ఇంకోసారి, మూడో అంతస్తుకి కూడా వినపడేలా, చదివింది.